క్రైస్తవ కుటుంబాల హోమ్‌స్కూలింగ్: ఏ పుస్తకాలు కొనాలి, ఏవి అక్కర్లేదు?

రూతు_విజయవాడ

అందరికీ వందనాలు. ఈ జూన్ నుంచి మా పిల్లలిద్దర్నీ ఇంట్లోనే చదివించాలని అనుకుంటున్నాం. పాప మూడో తరగతికి, బాబు ఐదుకి రావాలి. ఎందుకు మాన్పిస్తున్నాం అనేది పెద్ద కథ, ఇక్కడ వద్దు. పొద్దున లేవగానే వాక్యంతో మొదలై, మిగతా చదువంతా దాని వెనక నడవాలన్నది మా కోరిక.

నెట్‌లో వెతికితే అన్నీ అమెరికా పుస్తకాలే. ఒక్కో సెట్టు ధర, దానిమీద షిప్పింగు, కస్టమ్స్ చూసి మావారు "దీనికంటే కాన్వెంటు ఫీజే నయం" అన్నారు. ఒకచోట సెకండ్ హ్యాండ్ సెట్ కొంటే టీచర్ గైడ్ లేకుండా వచ్చింది, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. ఇక గుడ్డిగా కొనదలచుకోలేదు. మీలో పిల్లల్ని ఇంట్లో చదివిస్తున్నవాళ్లు నిజంగా ఏం వాడుతున్నారో చెప్పండి. తెలుగు సంగతి కూడా. మా పాప ఇంగ్లిష్ గబగబా చదువుతుంది కానీ తెలుగు బైబిల్ ఇస్తే ఒత్తుల దగ్గర ఆగిపోతుంది.

గ్రేస్_డల్లాస్

వందనాలు రూతు సిస్టర్. మా పెద్దవాడు ఒకటో తరగతి నుంచీ ఇంట్లోనే, ఇప్పుడు హైస్కూల్. అమెరికా పుస్తకాల లోగుట్టు చెప్తాను, తర్వాత మీరే తేల్చుకోండి.

అబెకా, బీజేయూ ప్రెస్ లాంటివి బడి పద్ధతే. వర్క్‌బుక్కులు, టెస్టులు, టీచర్ ఏ మాట అనాలో కూడా రాసి ఉన్న గైడ్లు. బడిని తీసుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టినట్టు ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టే తల్లికి ధైర్యం ఇస్తాయి, ఆరు నెలలకి ఇద్దరికీ విసుగు తెప్పిస్తాయి. సోన్‌లైట్ వాళ్లది కథల పుస్తకాల మీద నడిచే పద్ధతి. బాగుంటుంది, ఖరీదు.

మీకు పనికొస్తుందని నాకు అనిపించేది షార్లెట్ మేసన్ పద్ధతి. ఈవిడ 1842లో పుట్టి 1923లో పోయిన ఇంగ్లండ్ టీచర్, గట్టి క్రైస్తవురాలు. చిన్నపిల్లలకి పాఠం పదిహేను, ఇరవై నిమిషాలు దాటకూడదంటుంది. మంచి పుస్తకం నుంచి ఒక భాగం ఒక్కసారే చదివి వినిపించాలి. వెంటనే పిల్లలు దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. ఖాళీలు పూరించడాలు, ఒక మాటలో జవాబులు ఉండవు. సగం రోజు ఆరుబయటే. ఈ పద్ధతి మీద 'యాంబుల్‌సైడ్ ఆన్‌లైన్' అని తల్లులు కూర్చిన పాఠ్యప్రణాళిక ఉంది, పూర్తిగా ఉచితం. అందులో చాలా పుస్తకాలకి కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో చదవడానికి, లిబ్రీవాక్స్‌లో వినడానికి దొరుకుతాయి. 'ఈజీ పీజీ' అని ఇంకొకటి ఉంది, అదీ క్రైస్తవ కుటుంబం తయారుచేసిందే, ఉచితమే. కానీ రోజంతా స్క్రీన్ ముందు కూర్చోవాలి, నాకు నచ్చలేదు.

పిల్లల కోసం ఏదీ కొనకముందు మీకోసం ఒక్కటి కొనండి: సూసన్ షేఫర్ మెకాలే రాసిన 'ఫర్ ది చిల్డ్రన్స్ సేక్', 1984 నాటిది. సన్నటి పుస్తకం, బస్సులో చదివేయొచ్చు. ఇంటి చదువుకి గైడుగా 'ది వెల్-ట్రెయిన్డ్ మైండ్' అని అందరూ చెప్తారు. అది ఇటుకంత లావు, అవసరమైనప్పుడు తిరగేయడానికే.

లెక్కల_మాస్టారు

నేను నెల్లూరు జిల్లాలో సర్కారు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. బడి మాన్పించడం నాకు ఇష్టం లేదు, ముందే చెప్తున్నా. అయినా మా అమ్మాయి తన పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తోంది కాబట్టి ఈ గొడవలో నేనూ ఉన్నట్టే.

లెక్కలకి మాత్రం అమెరికా పుస్తకం కొనవద్దు తల్లీ. అందులో అంగుళాలు, పౌండ్లు, గ్యాలన్లు, డాలర్లు, సెంట్లు. మనవాడు చదివింది పట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్తే పావుకిలో అంటే తెల్లమొహం వేస్తాడు. పెద్ద అంకెల దగ్గర ఇంకా తంటా. వాళ్లు మూడేసి అంకెలకి కామా పెడతారు, మనం 1,00,000 అని లక్షకి పెడతాం. ఐదో తరగతిలో ఇది తికమక పడితే ఎనిమిది దాకా వదలదు. ఎన్‌సీఈఆర్‌టీ 'మ్యాథ్స్ మేళా' పుస్తకాలు నెట్‌లో ఉచితం, బొమ్మలతో బాగున్నాయి. ఏపీ సర్కారు పుస్తకాలైతే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. మీ పాపకి అదే మందు. సింగపూర్ పద్ధతిలో ఒక్కటి మాత్రం నాకు నచ్చింది: ముందు వస్తువుతో, తర్వాత బొమ్మతో, ఆ తర్వాతే అంకెతో చెప్తారు. అందుకు చింతపిక్కలు చాలు, కిట్లు కొనక్కర్లేదు.

ఇక సర్టిఫికెట్. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకి శిక్ష అని మాత్రం అందులో లేదు. హోమ్‌స్కూలింగ్ అన్న మాటే చట్టంలో లేదు. ఆ సందులోనే మన దేశంలో ఇలాంటి కుటుంబాలన్నీ నడుస్తున్నాయి. టెన్త్ ఎన్‌ఐఓఎస్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్లో రాయించవచ్చు, అందుకు 14 ఏళ్లు నిండాలి. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. తెలుగు మీడియం కూడా ఉంది. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఈలోపు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానంగా ఏ, బీ, సీ లెవెల్స్ కూడా ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. ఎప్పుడో చూసుకోవచ్చులే అనుకోకుండా, బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకటేనా అని ఇప్పుడే చూసుకోండి. బాప్తిస్మం పేరు ఒకచోట, ఇంటి పేరు ఇంకోచోట ఉండి అల్లాడినవాళ్లని చాలామందిని చూశా.

పాల్_కువైట్

మాస్టారూ, మీ చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. పాస్‌పోర్టులో ఒక పేరు, బర్త్ సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉండి మేం ఎంబసీ చుట్టూ తిరిగాం. ఎన్‌ఐఓఎస్ సెంటర్లు కువైట్‌లో, ఎమిరేట్స్‌లో కూడా ఉన్నాయి, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు గమనించగలరు.

మా ఇద్దరికీ డ్యూటీలు. సాయంత్రం పిల్లలకి బైబిల్ కథల కార్టూన్ 'సూపర్‌బుక్' తెలుగు డబ్బింగ్ వేస్తాం, యూట్యూబ్‌లో ఉంది. పెద్దాడికి 'బైబిల్‌ప్రాజెక్ట్' తెలుగు వీడియోలు. ఒక్కో బైబిల్ పుస్తకం మొత్తం ఏం చెప్తుందో బొమ్మలు గీస్తూ వివరిస్తారు. లేవీయకాండం మా సండే స్కూల్లో ఎవరూ ముట్టుకోరు, మావాడికి దాని నిర్మాణం ఈ వీడియోతోనే అర్థమైంది. వీడియో అయ్యాక మాత్రం ఫోన్ తీసేసుకుని "ఇప్పుడు నువ్వు చెప్పు" అనాలి. గ్రేస్ సిస్టర్ చెప్పిన పద్ధతే, పేరు మాకు తెలియదంతే.

షారోను_న్యూజెర్సీ

తెలుగు గురించి నేను చెప్తాను, మా ఇంట్లో ఇదే యుద్ధం.

రూతు గారూ, పాపకి బైబిల్‌తో తెలుగు నేర్పకండి. బైబిల్ చదవడానికి తెలుగు నేర్పండి. పాత అనువాదంలో 'సృజించెను', 'వచించెను', 'కలుగును గాక' లాంటి మాటలు ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడా వినదు. అక్షరం దగ్గర ఒక కష్టం, మాట దగ్గర ఒక కష్టం, రెండూ ఒకేసారి పెడితే పుస్తకం మూసేస్తుంది. ముందు ప్రథమ్ బుక్స్ 'స్టోరీవీవర్'లో తెలుగు కథలు చూడండి. లెవెల్ ప్రకారం ఉంటాయి, ఉచితం, ప్రింట్ తీసుకోవచ్చు. సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం' వాళ్ల పిల్లల పుస్తకాలు చవక, బొమ్మలు ముచ్చటగా ఉంటాయి, అచ్చుతప్పులు తక్కువ.

బైబిల్ మాత్రం చెవికి వదిలేయండి. 23వ కీర్తన రోజూ మీరు చదవండి, వాళ్లు వింటారు. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని నోటికి వచ్చేశాక ఆ లైను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిస్తే, నోట్లో ఉన్న మాటని కళ్లు గుర్తుపడతాయి. మా అమ్మాయి 'ర'కీ 'ఠ'కీ తేడా అలాగే పట్టుకుంది. సామెతల గ్రంథం 31 అధ్యాయాలు కాబట్టి తేదీ చూసి ఆ అధ్యాయం నుంచి ఒక్క వచనం కాపీ రాయిస్తాం. నెల తిరిగేసరికి మళ్లీ అదే అధ్యాయం, కానీ వేరే వచనం.

పాటలు మర్చిపోకండి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. ఛందస్సు, ప్రాస, సంధులు అన్నీ వాటిలోనే దొరుకుతాయి. బడిలో వ్యాకరణం చెప్పేవాళ్లకి ఇంత మంచి ఉదాహరణలు దొరకవు.

పెద్దబాలశిక్ష కొనాలా వద్దా అని మా చర్చిలో పెద్ద వాదం జరిగింది. నేను కొన్నాను. గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు, కొలతలు, సామెతలు ఒకేచోట ఉన్నాయి. పురాణ కథల పేజీలు వస్తే "ఇవి మన పక్కింటి అత్తయ్యవాళ్లు నమ్మే కథలు" అని చెప్పి చదివిస్తాను. పక్కింటివాళ్ల కథ తెలియకుండా తెలుగు వస్తుందా? వేమన పద్యాలు వద్దనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఒంగోలు_కుర్రాడు

షారోను అక్క మాటకి నా ఓటు. నాకింకా పెళ్లే కాలేదు, పిల్లల్లేరు, కానీ సండే స్కూల్ చెప్తాను కాబట్టి ఒక విషయం.

హోమ్‌స్కూల్ లిస్టుల్లో మిషనరీల జీవితచరిత్రలు తప్పకుండా ఉంటాయి. జానెట్, జెఫ్ బెంజ్ రాసిన సిరీస్ అయితే మన ఊళ్లలో కూడా తిరుగుతోంది. ఎమీ కార్మికేల్, ఐడా స్కడర్, విలియం కేరీ. కథనం పరుగులు పెడుతుంది, పిల్లలు వదలరు. ఒక్కటే ఇబ్బంది. ఇలాంటి చాలా కథల్లో దొరే హీరో. చుట్టూ ఉన్నవాళ్లు చీకట్లో ఉన్న జనం. ఆ జనం ఎవరు? మన తాతమ్మలే. మన పిల్లలు వాళ్ల కథని ఓడలో వచ్చినవాళ్ల కళ్లతోనే చదువుతున్నారు.

అందుకే మా సండే స్కూల్ పిల్లలకి నేను ఇక్కడి కథ చెప్తాను. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు రావడానికి ముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు గురువుల దగ్గర రాజయోగం నేర్చుకుని దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగాడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగేవాడు కాబట్టి, తర్వాత సువార్త కూడా ఆ దారుల్లోనే పోయింది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్కకి క్లౌ కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి ఇచ్చాడు. ఆ కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది మన తెలుగు బోధకులే. క్లౌ ఆత్మకథ 1914 నాటిది, ఆయన భార్య ఎమ్మా రాసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' 1899ది. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ కాలపు మాటలు కొన్ని ముల్లులా గుచ్చుకుంటాయి, కాబట్టి ముందు మీరు చదివి, తర్వాత పిల్లలకి నోటితో చెప్పండి. ఒంగోలు వస్తే ప్రార్థన కొండ ఎక్కించండి. 1854 కొత్త సంవత్సరం పొద్దున, క్లౌ కంటే ముందు వచ్చిన మిషనరీలు జూవెట్ దంపతులు, వాళ్లతో పాటు నెల్లూరు విశ్వాసి జూలియా ప్రార్థన చేసిన చోటు అది.

బాబు ఎనిమిదికి వచ్చాక కవి గుర్రం జాషువాని ఇవ్వండి. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కానీ నా మాట వింటే 'గబ్బిలం'తో మొదలుపెట్టండి. గుళ్లోకి రానివ్వని మనిషి, కాశీలో శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. దాని మీద ఇంటిల్లిపాదీ ఒక సాయంత్రం మాట్లాడుకోవచ్చు.

బయాలజీ_లెక్చరర్

సైన్స్ గురించి ఎవరూ ఎత్తలేదు, కావాలనే అనుకుంటా.

అమెరికా క్రైస్తవ ప్రచురణ సంస్థ అపోలోజియా వాళ్ల సైన్స్ పుస్తకాలు చదివించే భాష చాలా బాగుంటుంది, పిల్లలతో మాట్లాడినట్టు. ప్రయోగాలన్నీ వంటింటి సామానుతోనే. కానీ భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనన్న దృష్టితో రాసినవి అవి. మన పిల్లలు రేపు నీట్ రాయాలంటే పన్నెండో తరగతి బయాలజీలో జీవపరిణామం ఒక అధ్యాయం, పరీక్షలో మార్కులున్న అధ్యాయం. 2023లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి దాన్ని తీసేశారు కాబట్టి, పన్నెండుకి వచ్చేసరికి పిల్లలకి అది అమాంతం వచ్చి పడుతుంది. మీ విశ్వాసం ఏదైనా కానీ, అవతలివాళ్లు ఏమంటున్నారో వాళ్ల మాటల్లోనే నేర్పండి. మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ బైబిల్ నమ్మే మనిషి, పరిణామాన్నీ ఒప్పుకుంటాడు. ఆయన 'ది లాంగ్వేజ్ ఆఫ్ గాడ్' 2006లో వచ్చింది. ఇంకో సంగతి, ఆయన చిన్నప్పుడు ఆరో తరగతి దాకా చదువుకున్నది ఇంట్లో, వాళ్లమ్మ దగ్గర.

గ్రేస్_డల్లాస్

బ్రదర్, కాలిన్స్ చెప్పేదానితో నేను ఏకీభవించను. ఆదికాండం మొదటి అధ్యాయాన్ని మేం ఉన్నది ఉన్నట్టే నమ్ముతాం, అపోలోజియా అందుకే వాడుతున్నాం. కానీ అవతలి వాదం వాళ్ల మాటల్లోనే నేర్పాలన్నారు చూశారా, అది ఒప్పుకుంటాను. మావాడు కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ క్లాసుకి వెళ్లి వచ్చి "మమ్మీ, వాళ్లు నువ్వు చెప్పినంత తెలివితక్కువగా మాట్లాడలేదు" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

అడ్మిన్

సృష్టి మీద వాదం ఇక్కడితో ఆపుదాం, దానికి వేరే చర్చ ఉంది. పుస్తకాల గురించే రాయండి.

మేరీ_సికింద్రాబాద్

యాంబుల్‌సైడ్ మేం రెండేళ్లుగా వాడుతున్నాం. సిలబస్‌ని ఉన్నది ఉన్నట్టు పట్టుకుంటే మునిగిపోతారు రూతూ. మొదటి ఏడాదిలోనే 'అవర్ ఐలాండ్ స్టోరీ' అని 1905 నాటి ఇంగ్లండ్ రాజుల చరిత్ర. మన పిల్లలకి ఆల్‌ఫ్రెడ్ రాజు రొట్టెలు మాడ్చిన కథ ముందు తెలిసి, రుద్రమదేవి తర్వాత తెలియడం ఏం న్యాయం? ఆ చోట నేను కాకతీయులు, శాతవాహనులు పెట్టాను. అమరావతి స్తూపం మీకు పక్కనే. పక్షులకి బర్జెస్ పుస్తకం ఇస్తారు, అందులో అన్నీ అమెరికా పిట్టలు. దాన్ని పక్కన పెట్టి సలీం అలీ 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' కొనండి. డబ్బు పెట్టి కొనదగ్గ పుస్తకం అది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి పొద్దున్నే వెళ్తే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద కిక్కిరిసి ఉంటాయి. నోట్‌బుక్, పెన్సిలు, ఏదైనా రంగుల డబ్బా ఉంటే చాలు. మావాడు మొదటిసారి గూడబాతు బొమ్మ వేస్తే చెప్పులా వచ్చింది. ఇప్పుడు ముక్కు కింద సంచీ కూడా గీస్తున్నాడు.

హైదరాబాద్ వైపు వస్తే మెదక్ చర్చి చూపించండి. పదేళ్లు కట్టి 1924లో క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. అదీ కరువు రోజుల్లో జనానికి పని చూపించిన కట్టడమే, ఒంగోలు తమ్ముడు చెప్పిన కాలువ లాగా. రంగు అద్దాల కిటికీల్లో క్రీస్తు జీవితం ఉంటుంది, వెలుతురు బయటి నుంచి రావాలి కాబట్టి పగలే వెళ్లాలి. గోపురం ఎత్తు 173 అడుగులు. మా పిల్లల చేత నీడ కొలిపించాం: ఒక మీటరు కర్ర నిలబెట్టి దాని నీడా, గోపురం నీడా ఒకే సమయంలో కొలవాలి. అనుపాతం పాఠం అక్కడే అయిపోయింది. మిట్టమధ్యాహ్నం వెళ్లకండి, కొలవడానికి నీడ మరీ చిన్నదైపోతుంది.

రాత్రిళ్లు చదివి వినిపించడానికి మా ఇంట్లో సి.ఎస్. లూయిస్ నార్నియా కథలు ఏడు భాగాలూ నడిచాయి. ఇంగ్లిష్‌లో చదువుతూ కష్టమైన చోట తెలుగులో చెప్తాను. బన్యన్ 'యాత్రికుని ప్రయాణము' తెలుగులో దొరుకుతుంది, భాష పాతది, కాబట్టి మీరే కథగా చెప్పాలి. నిరాశ బురదగుంట, సంత వీధి వచ్చినప్పుడు పిల్లలు కుర్చీ అంచుకి వచ్చేస్తారు.

రూతు_విజయవాడ

అందరికీ చాలా కృతజ్ఞతలు. మావారు ఇదంతా కూర్చుని చదివారు, లెక్కల మాస్టారి మాట ఆయనకి బాగా పట్టింది. ప్రస్తుతానికి కొనేవి: నాకోసం గ్రేస్ గారు చెప్పిన సన్న పుస్తకం, సలీం అలీ, పెద్దబాలశిక్ష, 'మంచి పుస్తకం' నుంచి ఒక పది. లెక్కలు సర్కారు పుస్తకాలే. బైబిల్, కీర్తనల పుస్తకం ఎలాగూ ఇంట్లో ఉన్నాయి. ఆధార్ తీసి చూస్తే బాబు పేరులో ఒక 'హెచ్' ఎక్కువుంది. సోమవారం ఆ పని మీద వెళ్తున్నాం.

మాస్టారూ, ఒక్కటి అడగాలి. బాబు ఐదో తరగతి అన్నాను కానీ భిన్నాలు రావు. ఐదు పుస్తకం తియ్యనా, నాలుగు తియ్యనా?

లెక్కల_మాస్టారు

తరగతి నంబరు మర్చిపోమ్మా. ఇప్పుడు అడిగేవాళ్లెవరూ లేరు కదా, ఇంట్లో చదివించడంలో ఉన్న లాభమే అది. మూడో తరగతి పుస్తకం చివరి అభ్యాసం ఇవ్వండి. పదిలో ఎనిమిది చేస్తే నాలుగు చివరిది ఇవ్వండి. ఎక్కడ సగానికి తగ్గుతాడో ఆ పుస్తకంతో మొదలుపెట్టండి. భిన్నాలకి రొట్టె కోసి చూపించడం అందరూ చేసేదే. దాంతో పాటు టేపు తీసుకుని గుమ్మం వెడల్పు కొలిపించండి, సగం మీటరు, పావు మీటరు ఎక్కడొస్తాయో సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. ఎక్కాలు పన్నెండు దాకా నోటికి రాకపోతే మాత్రం ముందు అవి. వాటికి ఏ పుస్తకమూ అక్కర్లేదు, స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని చెప్పించండి.